పదిహేడో బల్ల దగ్గర భుజం తట్టేవాడు

అమెరికాలో రీనో ఊళ్ళో బ్లూ లాంటర్న్ క్యాసినోలో పనిచేసినవాళ్ళని ఎవర్నైనా అడగండి. పదిహేడో బల్ల పేరెత్తగానే గొంతు తగ్గిస్తారు. మూల స్తంభం నీడలో ఉంటుంది ఆ బ్లాక్‌జాక్ పేకాట బల్ల. పగలైతే మామూలు బల్లే. రాత్రి రెండింటికి మొదలయ్యే షిఫ్టులో మాత్రం... ఆ షిఫ్టుని వాళ్ళు స్మశానం షిఫ్ట్ అంటారు, ఊరికే అనరు.

క్యాసినోలో ముక్కలు పంచే డీలర్ తనంతట తాను బల్ల వదలకూడదు. వదిలితే ముందున్న చిప్స్ పళ్ళెం, అంటే డబ్బుకి బదులు ఆడే బిళ్ళల పళ్ళెం, దిక్కులేనిదైపోతుంది. వంతు మార్చడానికి వచ్చిన డీలర్ వెనకనుంచి భుజం తట్టాలి. అప్పుడు చేతిలో ఆట ముగించి, చేతులు రెండూ చరిచి, ఏమీ దాచలేదని, పైగదిలో కాపలావాళ్ళు చూస్తుండే కెమెరాకి అరచేతులు చూపించి పక్కకి తప్పుకోవాలి. ముక్కు గోక్కోవాలన్నా ముందు అరచేతులు చూపించాల్సిందే. ఏళ్ళ తరబడి అదే పని. చివరికి భుజం మీద తట్టు పడితే చాలు, కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

క్లైడ్ బీమర్ అని ఒక ముసలి డీలర్ ఉండేవాడట. ఇరవై రెండేళ్ళ కిందట పదిహేడో బల్లకి వంతు మార్చడానికి వస్తూ మెట్ల మీదే గుండె ఆగి పోయాడు. వంతు తీరలేదు కదా... ఇంకా వస్తూనే ఉన్నాడంటారు. రెండు వేళ్ళతో రెండు తట్లు. డీలర్ అలవాటుకొద్దీ పక్కకి తప్పుకుంటాడు. తీరా నాలుగడుగులు వేసి తిరిగి చూస్తే — బల్ల దగ్గర ఎవరూ ఉండరు. బల్ల వదిలిన నేరానికి అదే రాత్రి ఉద్యోగం ఊడుతుంది. ఈ రెండేళ్ళలో ముగ్గురి ఉద్యోగాలు అలాగే పోయాయి.

అక్కడే డీలర్‌గా చేసే మార్వా టిడ్వెల్ ఈ కథ విన్నప్పుడల్లా నవ్వేది. యాభై ఏడేళ్ళ మనిషి, ఎవరి నోటికీ జడిసేది కాదు. "చచ్చాక కూడా టైముకి డ్యూటీకొచ్చేవాడు మన క్యాసినో మొత్తంలో అతనొక్కడే," అనేది.

ఆ నెలలో మాత్రం నవ్వు రాలేదు. ఇంకో పన్నెండు రోజులు గడిస్తే ఆమె ఉద్యోగానికి ఇరవై ఏళ్ళు నిండుతాయి. నిండితే ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డ మొగుడు ఓరిన్ వైద్యం ఖర్చు జీవితాంతం క్యాసినోదే. ఒక్కరోజు ముందు ఉద్యోగం పోయినా చేతికి మిగిలేది గుండుసున్నా. సరిగ్గా అప్పుడే ఆమెని పదిహేడో బల్లకి వేశాడు సూపర్వైజర్ గార్త్ స్ట్రిక్లర్.

కారణం లేకపోలేదు. నోలన్ వీడ్ అని రోజూ వచ్చే ఆటగాడొకడున్నాడు. పేక ఆడటం కన్నా సూపర్వైజర్లని ఆడించడంలో ఆరితేరినవాడు. ఎవరూ చూడనప్పుడు పందెం పాతిక డాలర్లు, సూపర్వైజర్ అటొస్తుంటే రెండొందలు. గెలిచిన చిప్స్ జేబులోకి జారవిడిచి, ఓడిపోయినట్టు మొహం వేలాడేసుకుంటాడు. పెద్ద పందేలు కాసి ఓడేవాడికి క్యాసినో ఊరికే గది ఇస్తుంది, విందు పెడుతుంది. కాంప్ అంటారు దాన్ని. ఎవరెంత కాస్తున్నారన్నది సూపర్వైజర్ చీటీ మీద రాస్తాడు. గార్త్ మిగతావాళ్ళలా మోసపోయినవాడు కాదు. అన్నీ తెలిసే రెండొందలని రాసేవాడు. వీడ్‌కొచ్చిన విందుల్లో సగం గార్త్ ఇంటిల్లిపాదీ తినేవారు. కంచే చేను మేస్తుంటే మార్వాకి ఒళ్ళు మండింది. షిఫ్ట్ మేనేజర్ ఆర్డెల్ ముందు, పదిమందీ వింటుండగా అనేసింది: "వీడ్‌గారు పెట్టేది పాతికేనమ్మా."

ఆ మర్నాడే పదిహేడో బల్ల.

"అక్కా, సెలవు పెట్టేయ్," అంది రోమీ, ఆమెతో వంతు మార్చుకునే చిన్న డీలర్. టీ గదిలో ఇద్దరే ఉన్నారు.

"పన్నెండు రోజులు సెలవెవడిస్తాడే నాకు?"

"ఆ ముసలాయనొస్తే?"

"రానీ. నువ్వు తట్టేటప్పుడు మాత్రం అక్కా అని పిలువు. పిలుపు లేకుండా ఎవరు తట్టినా కదలను."

ఆ రాత్రి నాలుగు దాటింది. హాలు చల్లబడింది, బల్ల దగ్గర వీడ్ ఒక్కడే మిగిలాడు. నాలుగూ నలభైకి రోమీ రావాలి.

గార్త్ మెల్లగా నడిచొచ్చాడు. వీడ్ పాతిక మీదికి టకటకా ఇంకా చిప్స్ ఎక్కాయి.

"ఎలా ఉంది వీడ్‌గారూ?"

"నెత్తిన శని కూర్చుంది గార్త్..."

"భోంచేసి వెళ్ళండి మరి." గార్త్ చీటీ మీద ఏదో గీకి, మార్వా వైపు వంగాడు. "పన్నెండు రోజులేనటగా నీకు. జాగ్రత్త. ఈ బల్ల మంచిది కాదు."

"బల్ల మంచిదే సార్. చుట్టూ తిరిగేవాళ్ళతోనే బాధ."

గార్త్ స్తంభం అవతలికి వెళ్ళిపోయాడు.

మార్వా ముక్కలు పంచుతోంది. నాలుగూ పదిహేను... పదహారు... అప్పుడు, కుడి భుజం మీద —

రెండు తట్లు.

మార్వా ఎడమ కాలు అప్పుడే సగం తిరిగింది, ఇరవై ఏళ్ళ అలవాటు దాన్ని లాక్కుపోతోంది. పిలుపు కోసం చెవులు రిక్కించింది. పిలుపు లేదు... వెనక ఎవరిదో ఊపిరి మాత్రం ఉంది.

కాలు బలవంతంగా వెనక్కి తెచ్చుకుంది. తల తిప్పలేదు. వీడ్ తన ముక్కలకేసే చూస్తున్నాడు, అవసరమైన దానికన్నా శ్రద్ధగా.

మళ్ళీ రెండు తట్లు. ఈసారి గట్టిగా.

భయపడింది, నిజమే. భయం వెనకాలే కోపం పొంగుకొచ్చింది. చచ్చినవాడికి నా మొగుడి మందులతో పనేంటి? ఎందుకొస్తాడు ఇలా, పనున్నవాళ్ళ పొట్టలు కొట్టడానికి? పైగా... దెయ్యానికి ఊపిరెందుకు?

చేతులు రెండూ చరిచింది. అరచేతులు కెమెరాకి చూపించింది. వెనక ఊపిరి కుదుటపడింది, ఆమె వెళ్ళిపోతోందనుకుని కాబోలు. మార్వా వెళ్ళలేదు, నిలబడింది.

మూడోసారి విసుగ్గా తట్టిందా చెయ్యి. అంతే. తన భుజం మీదే దాన్ని ఒడిసి పట్టుకుంది. వెచ్చటి చెయ్యి, వేలికి ఉంగరం. స్తంభం అడ్డం వల్ల డీలర్ వెనక ఏముందో కెమెరాకి కనపడదు, బల్ల ఒక్కటే కనపడుతుంది. అందుకే ఆ చేతిని ముందుకి లాగి పచ్చటి బల్ల మధ్యలో పరిచి పెట్టింది.

"పైనున్నవాళ్ళూ, చూడండి. ఈ చెయ్యి ఎవరిదో చూసి చెప్పండి."

గార్త్ చెయ్యి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే తన భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. వీడు పక్కవాళ్ళ భుజాలు తడిమాడు. స్తంభం చాటున దాక్కుని, క్లైడ్ పేరు అడ్డం పెట్టుకుని ముగ్గురి నోటికాడి కూడు పడగొట్టాడు.

"వదులు మార్వా..." గార్త్ గొణిగాడు. "ఏదో తమాషాకి..."

"తమాషా మేనేజరుగారు కూడా చూస్తారు సార్. ఆగండి."

వెనక సూపర్వైజర్ బల్ల మీది ఫోన్ మోగింది, మోగుతూనే ఉంది. పైవాళ్ళు చూశారు. హాలు ఆ చివరినుంచి ఆర్డెల్ దాదాపు పరిగెత్తుకొస్తోంది. ఆమె వచ్చేదాకా కదలకుండా నిలబడితే చాలు. ఇప్పుడు బల్ల వదిలిందా, గార్త్ గెలిచినట్టే.

అప్పుడు —

ఎడమ భుజం మీద. రెండు తట్లు. మెత్తగా, రెండు వేళ్ళతో.

గార్త్ చెయ్యి ఆమె గుప్పిట్లోనే ఉంది. అతని రెండో చెయ్యి బల్ల అంచుని పట్టుకుని ఉంది. అతను తల ఎడమకి తిప్పి చూశాడు. చూసి, నోరు తెరిచాడు.

ఎదురుగా వీడ్ కుర్చీ వెనక్కి పడింది. ఆమె భుజం మీదుగా దేన్నో చూస్తూ, చిప్స్ ఎక్కడివక్కడే వదిలేసి పరిగెత్తాడు. జూదగాడు చిప్స్ వదిలి పారిపోవడం మార్వా ఇరవై ఏళ్ళలో చూడలేదు.

వీపంతా మంచు పట్టింది. వెనక ఈసారి ఊపిరి లేదు. గడియారం చూసింది. నాలుగూ ఇరవై.

"క్లైడ్," అంది, తల తిప్పకుండా, పళ్ళు బిగించి. "నా వంతు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఎవరొచ్చినా సరే, అందాకా ఈ బల్ల నాది. పక్కకెళ్ళి నిలబడు."

భుజం మీది బరువు కొంచెంసేపు ఆగింది... తర్వాత ఒక్కో వేలూ లేచింది.