దారి మీద పడ్డ ఫోటోలు

జేమ్స్‌కి ఎప్పుడూ తొందరే. తిండికి తొందర, బండెక్కితే తొందర, పనిలో మరీను. కోటబొమ్మాళి పొలాల మీద కొలతల కోసం డ్రోన్ ఎగరేస్తూ మధ్యలో కెమెరా బ్యాటరీ మార్చాడు. దాంతో కెమెరాలో గడియారం చెరిగిపోతే, ఫోన్ చూసి సరిచేసే ఓపిక లేక చేతికొచ్చిన వేళ పెట్టేశాడు. ఫోటోల కార్డూ, డ్రోన్ పెట్టే తీసుకుని ముందే బస్సెక్కిన అక్క ప్రిస్కిల్లాకి, అరసవల్లిలో అద్దెగదికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాకగానీ ఆ సంగతి తెలియలేదు.

వాళ్ళ కెమెరాకి తానెక్కడున్నదీ తెలియదు. డ్రోన్ ఎగిరిన దారి వేరే ఫైల్లో ఉంటుంది. ఫోటో వేళని ఆ దారి వేళతో కలిపితే ఏ ఫోటో ఎక్కడిదో తేలుతుంది. తీరా చూస్తే, చివరి ఫోటోల మీద సాయంత్రం వేళ పడి ఉంది. ఇంకా రాని సాయంత్రం.

"వీడి తొందర తగలెయ్య," అనుకుంది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. ఉన్నదల్లా వాడొక్కడే. పొలంలో పరిచిన గుర్తుల గుడ్డలు ఏరుకుని బండి మీద వెనక వస్తున్నాడు.

ఆ వేళకి డ్రోన్ ఎగిరిన దారే లేదు, ఆ ఫోటోలకి చోటు దొరకకూడదు. అయినా ఓసారి చూద్దామని కలిపింది. దొరికింది. పటంలో చుక్కలు పొలాల మీద కాదు, హైవే మీద వరసగా పడ్డాయి.

బయట వాన మబ్బు కమ్మి గది మసకబారింది. కరెంటు పోయింది. కింద ఆటోల రొద కూడా సద్దుమణిగింది. ఎక్కణ్ణుంచో పచ్చి బురద వాసన వచ్చింది.

ఒక ఫోటో తెరిచింది. పైనుంచి తీసిన తారు రోడ్డు. జేమ్స్ బండి. వెనక కట్టిన గుడ్డల మూట.

తర్వాత ఫోటోలో బండి పడి ఉంది. వాడు లేడు.

వెంటనే వాడికి ఫోన్ చేసింది. "ఒరే, ఎక్కడున్నావు?"

"నరసన్నపేట దగ్గరకొచ్చీసినానక్కా. ఏటి?"

"బండాపు. ఎక్కడో దగ్గర కూకో. నేనొచ్చీదాకా కదలకు."

"టీ బడ్డీ ఉన్నాది. ఆగినాను. ఏటైనాదక్కా?"

"లైన్లోనే ఉండు," అంది. వాడు ఆగాడు కదా, ఇంక భయం లేదు. పిచ్చి గడియారం, అంతే. దాన్ని సరిచేస్తే ఈ చుక్కలన్నీ పొలంలోకి పోతాయి. వేళని వెనక్కి జరిపి మళ్ళీ కలిపింది.

చుక్కలు కదిలాయి. ఒక్కొక్కటే హైవే వదిలి పొలాల మీదకి చేరాయి. "ప్రభువా, స్తోత్రం," అని ఊపిరి పీల్చుకుంది.

చివరి రెండూ చేరలేదు.

అవి నరసన్నపేట దగ్గర, రోడ్డు పక్కన ఒక రేకుల బడ్డీ మీద ఆగాయి…

తనే ఆపింది వాణ్ణి. అక్కడే.

ఆ రెండిట్లో మొదటిది తెరిచింది. బడ్డీ ముందు బల్ల. జేమ్స్. చెవి దగ్గర ఫోన్.

"ఒరే… లెగు… అక్కణ్ణుంచి వచ్చీ…"

"అక్కా, ఉండు." వాడి గొంతు తగ్గింది. "పైన ఏదో మోగతన్నాది. మన డ్రోనేనా?"

డ్రోన్ పెట్టె ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. తాళం వేసి.

"పైకి సూడకు! నా మాటినరా… కళ్ళు మూసుకో!"

వాన మొదలైంది. ఇక్కడా, ఫోన్లోనూ.

రెండో ఫోటో దానంతటదే తెరుచుకుంది. బల్ల మీద జేమ్స్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు రెండూ తెరిచి, పైకి చూస్తున్నాడు. వాన చినుకులు ఆ కళ్ళలోనే పడుతున్నాయి. ఫోన్ దూరంగా బురదలో ఉంది.

ఆమె చెవిలో మాత్రం వాడి గొంతు, చిన్నప్పటిలా మెల్లగా, బుద్ధిగా అంటోంది.

"సూడ్నేదక్కా… నువ్వు సెప్పినట్టే కళ్ళు మూసుకునే ఉన్నాను."