విరగని చోట రిపేరు

"మీరు చేసిన రిపేరుకి నా క్రోమోజోములన్నీ ముద్దయిపోయాయండీ!"

స్టూలు మీద నిలబడి, తల పైకప్పుకి ఆనించి, చేతిలో డ్రాపరు పట్టుకుని మరీ ఆ మాటన్నాడు చుక్కలబ్బాయి. గుమ్మంలో టూల్ బ్యాగు భుజాన వేసుకుని నిలబడ్డ ఏసీ మెకానిక్ అమ్మాయి అతన్ని పాదాల నుంచి తలదాకా ఒకసారి చూసింది.

"ఏసీ ఇక్కడుంటే మీరు అక్కడెక్కి నిలబడ్డారేంటి సార్? ముందు దిగండి."

"దిగను. ఎంత ఎత్తు నుంచి వేస్తే అంత బాగా పరుచుకుంటాయేమోనని చూస్తున్నా."

పిచ్చివాడని అనుకోకండి. ఆ జెనెటిక్స్ ల్యాబులో అతని ఉద్యోగమే చుక్కలు వేయడం. రక్తంలోని కణాల్ని పెంచి, ఉబ్బించి, మందులో నిలవబెట్టి, ఆ మందునీళ్ళని గాజు స్లైడు మీద పైనుంచి చుక్కగా వదలాలి. చుక్క ఆరేలోపు క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పరుచుకోవాలి. అప్పుడే పెద్ద డాక్టరమ్మ వాటిని మైక్రోస్కోపులో జతలు కట్టి చూసి, పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకి రిపోర్టు రాయగలదు. ఏసీ బాగుచేసిన మర్నాటి నుంచి అవి పరుచుకోవడం మానేసి, పిల్లి ఆడుకున్న ఊలు ఉండలా తయారయ్యాయి.

"పొడిగాలి కావాలని అడిగింది మీవాళ్ళే. మీటరు చూడండి, ఎంత పొడిగా ఉందో! నా పనికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు."

"పొడిగాలి పక్కగదిలో మెషీన్లకి కావాలి తల్లీ! నా చుక్కకి కాస్త తడిగాలి కావాలి. పడీ పడగానే ఆరిపోతే, లోపలున్నవాటికి కాళ్ళు చాపుకునే టైమెక్కడిది?"

"ఎవరండీ తల్లి?"

ఆ గద్దింపుకి అతని వేళ్ళు డ్రాపరుని నొక్కేశాయి. డ్రాపరులోంచి ఒక చుక్క జారి నేరుగా ఆమె బూటు మీద పడింది. గది అంతా గుప్పున పుల్లటి వాసన.

ఆమె బూటు వైపు చూసింది, తర్వాత అతని వైపు చూసింది.

"ఇది పరుచుకుందా?"

అతను గబగబా స్టూలు దిగాడు. ఆమె నిచ్చెనెక్కి, గాలి వచ్చే డక్టు మూత తీసి, అరగంట కుస్తీ పట్టి, అతని గదికి వచ్చే గాలిని మెషీన్ల గాలి నుంచి వేరుచేసింది. బయట వాన కూడా అప్పుడే అందుకుంది. మీటరు ముల్లు బద్ధకంగా పైకి లేవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు వేయండి మీ చుక్క."

వేశాడు. మైక్రోస్కోపులో చూశాడు. ఒక్క కేక పెట్టాడు. పక్కగదిలోంచి పెద్ద డాక్టరమ్మ "ఏం పగలగొట్టావురా?" అని అరిచింది.

"ఏమీ లేదు మేడం, పరుచుకున్నాయి!" అని మెకానిక్ వైపు తిరిగాడు. "రండి, చూడండి, చూసి తీరాలి మీరు."

ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగి చూసింది.

"ఇవా? పురుగుల్లా ఉన్నాయి."

"పురుగులంటారా! మీ ఎత్తు, మీ రంగు, ఆ బుగ్గ మీద సొట్ట, అంతా వీటి చలవేనండీ."

సొట్ట సంగతి అతనికెలా తెలిసిందని మీరు అడగొచ్చు. వచ్చినప్పటి నుంచీ అదే చూస్తున్నాడు కాబట్టి తెలిసింది.

"మధ్యలో పట్టి నొక్కినట్టుందే, అదేంటి?" అందామె, సొట్ట మాట విననట్టుగా.

"సెంట్రోమియర్. నడుము అనుకోండి. కణం రెండయ్యే ముందు ప్రతి క్రోమోజోమూ తనలాంటిదే ఇంకోటి తయారుచేసుకుంటుంది. ఆ కవలలిద్దరూ నడుము దగ్గర అంటిపెట్టుకుని ఉంటారు. అటునుంచి కొన్ని తాళ్ళు, ఇటునుంచి కొన్ని తాళ్ళు వచ్చి ఆ నడుముని పట్టుకుంటాయి. రెండువైపులా బిగువు తగిలితేనే కథ ముందుకెళ్తుంది."

"ఒకవైపే లాగితే?"

"కణం మొత్తం ఆగిపోతుంది. రెండోవైపు తాడు కోసం కాచుక్కూర్చుంటుంది."

"ఓపికే! మరి ఈ చివర్లు?"

"చివర్లకి టెలోమియర్లని టోపీలుంటాయి. కణంలో కూడా మీలాంటి రిపేరు వాళ్ళున్నారు. ఎక్కడ తెగిన కొన కనిపించినా పరిగెత్తుకొచ్చి అతికించేస్తారు. క్రోమోజోముకి పుట్టుకతోనే రెండు కొనలున్నాయి కదా! 'ఇది తెగింది కాదు నాయనా, నేను ఇక్కడితో అయిపోయాను, నువ్వెళ్ళు' అని చెప్పడమే ఆ టోపీ పని. కణం రెండైన ప్రతిసారీ మామూలుగా ఆ టోపీ కాస్త కాస్త అరుగుతుంది."

"మొత్తం అరిగిపోతే?"

"చాలావరకు కణమే ఇంక రెండవడం మానేస్తుంది. మొండికేసి సాగిందో, రిపేరు వాళ్ళు పొరబడి రెండు క్రోమోజోముల కొనలు కలిపి అతికించేస్తారు. ఇప్పుడు ఒకదానికి రెండు నడుములు. ఒకదాన్ని అటు, ఇంకోదాన్ని ఇటు లాగుతారు. పుటుక్కున తెగుతుంది."

"విరగనిదాన్ని రిపేరు చేసి విరగ్గొట్టారన్నమాట!" ఆమె పకపకా నవ్వింది. "మా లైనులోనూ అంతే సార్. బాగున్న మెషీను విప్పితేనే పాడయ్యేది. అందుకే, ఇవాళ మీ తడిగాలి గొడవ తప్పిస్తే, నేనొకసారి ముట్టుకున్న చోటికి మళ్ళీ పిలుపు రాదు. అది నా పేరు. అది నిలబెట్టుకుంటే ఈ నెలాఖరుకి మా కంపెనీ నా చేతిలో పెడతానన్నారు నాన్న. లేకపోతే మా బాబాయి చేతిలోకి పోతుంది."

ఆ ముక్క చుక్కలబ్బాయి చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. బుర్ర అప్పటికే వేరే పనిలో ఉంది.

"ఏదైనా ఉంటే కంప్లైంటు పెట్టండి" అని మర్యాదకి ఒక మాట అనేసి, ఆమె వానలోకి వెళ్ళిపోయింది.

ఇదొక్కటి మాత్రం బుర్రకెక్కింది మహానుభావుడికి.

నాలుగు రోజులు ఓపికపట్టాడు. ఐదో రోజు ఫోన్ చేసి ఏసీలోంచి శబ్దం వస్తోందన్నాడు. ఆమె వచ్చింది, చెవి పెట్టి వింది.

"ఏ శబ్దం సార్?"

"ఇందాక వచ్చింది. మిమ్మల్ని చూసి ఆగినట్టుంది."

ఆమె అతని ముఖంలోకి ఒక నిమిషం చూసి నిచ్చెనెక్కింది. డక్టు అంతా విప్పి, మళ్ళీ అంతా బిగించింది. ఆ పని సాగినంతసేపూ కబుర్లు సాగాయి. రెండు టీలు కూడా అయ్యాయి.

తర్వాతి వారం వాసన వస్తోందని పిలిచాడు.

"ఆ పుల్లటి వాసన మీ మందుదేగా సార్? నా బూటుకింకా వదల్లేదు."

"అవునా? అలవాటైపోయి గుర్తుపట్టలేదు."

"పాపం" అందామె పెదవులు బిగబట్టి, శుభ్రంగా ఉన్న ఫిల్టరు తీసి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. అద్దం మీద వాన చారలు చారలుగా జారుతోంది. అతను ఆమెనీ, ఆమె ఫిల్టరునీ చూస్తూ ఉండిపోయారు. పెద్ద డాక్టరమ్మ తలుపు తీసి, ఇద్దర్నీ చూసి, మళ్ళీ వేసేసింది.

మూడోసారి చెప్పడానికి ఏమీ దొరక్క, గాలి ఎడంవైపు ఎక్కువ వీస్తోందన్నాడు. తల దువ్వుకున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. తలుపు తీశాడు.

గుమ్మం నిండా మీసాలు.

"ఎక్కడయ్యా ఎడమ?" అన్నాడు మీసాలాయన.

"అదీ... ఆవిడ రాలేదాండీ?"

"మా అన్నయ్య కూతురా? ఇంకెక్కడి రావడం! ఒకే చోటి నుంచి మూడు కంప్లైంట్లు వస్తే దాన్ని పనంటారా? అన్నయ్య దాన్ని షాపులో కూర్చోబెట్టేశాడు. ఇక కంపెనీ అంతా నేనే చూసుకుంటా. పుణ్యమంతా మీదే బాబూ!"

చుక్కలబ్బాయికి ఆ రోజు విని వదిలేసిన మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే బుర్రకెక్కాయి. ఆమె కొంప తనే ముంచాడు. అదీ ఆమెని చూడాలన్న సరదాతో.

"మేడం, గంట పర్మిషన్ కావాలి" అన్నాడు పెద్ద డాక్టరమ్మతో.

"గంటలో ఏం తేలుస్తావురా నువ్వు? రోజంతా తీసుకో."

గొడుగు మర్చిపోయి పరిగెత్తాడు. షాపు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, దువ్వుకున్న జుట్టు కళ్ళల్లో పడింది. ఆమె కౌంటరు వెనకాల ముఖం మాడ్చుకుని కూర్చుని, రిమోట్లకి బ్యాటరీలు వేస్తోంది. నిచ్చెనలెక్కే మనిషి అలా బల్ల వెనక కూర్చుని ఉంటే చూడలేకపోయాడు.

"నన్ను క్షమించండి. ఆ కంప్లైంట్లు..."

"దొంగ కంప్లైంట్లని నాకు తెలీదనుకున్నారా?" కస్సుమంది ఆమె. "టెలోమియర్ల గురించి అంత అందంగా చెప్పారే! విరగని చోటికి రిపేరు వాళ్ళు వస్తే ఏమవుతుందో నాకు నేర్పింది మీరే కదా! బాగున్న ఏసీకి నన్ను ముచ్చటగా మూడుసార్లు పిలిచారు. ఏం విరిగిందో చూడండి ఇప్పుడు."

"మిమ్మల్ని చూడాలనిపించిందండీ. చూడాలనిపించిందని చెప్పే ధైర్యం లేక శబ్దమన్నాను, వాసనన్నాను."

"ఎడంవైపు అన్నారు!"

"అది మరీ సిగ్గుచేటు. ఒప్పుకుంటున్నా."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. తెర పక్కకి జరిపి, చేతిలో కాఫీ గ్లాసుతో ఆమె నాన్న బయటికొచ్చాడు. పొట్టి మనిషి. చూపు మాత్రం గోడలో మేకు దిగ్గొట్టేలా ఉంది.

"ఎవరు బాబూ నువ్వు? నా షాపంతా తడిపేస్తున్నావు."

చుక్కలబ్బాయి చేతులు కట్టుకున్నాడు.

"ఆ మూడు కంప్లైంట్లూ పెట్టింది నేనేనండీ. మూడూ అబద్ధాలే. మీ అమ్మాయి చేసిన పనిలో వీసమెత్తు లోపం లేదు. నా ప్రేమ కోసం ఆవిడ పేరు చెడగొట్టాను. మీరు నన్ను తిట్టండి, కొట్టండి, కంపెనీ మాత్రం ఆవిడకే ఇవ్వండి. మా మేడంతో కూడా చెప్పిస్తాను."

ప్రేమ అనే మాట నోరు జారిందని అతనికి చివరిదాకా తెలీలేదు. ఆమె చేతిలో బ్యాటరీ మాత్రం కింద పడి దొర్లుకుంటూ పోయింది.

పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నువ్వు పెట్టినవి అబద్ధాలైతే, నా కూతురు నాతో స్క్రూ వదులైంది బిగించానని ఎందుకు చెప్పింది? రెండోసారి ఫిల్టరు మూసుకుపోయిందని ఎందుకు చెప్పింది? ఏ లోపమూ లేదని ఒక్క మాటంటే నేను ఆ ల్యాబుకి మనుషుల్ని పంపడమే మానేసేవాణ్ణి కదా!"

చుక్కలబ్బాయి నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. ఆమె బల్ల కింద బ్యాటరీ వెతుకుతోంది. ఎంతకీ దొరకట్లేదు పాపం.

"అమ్మాయ్, నిన్నే."

"పంపడం మానేస్తారనే, నాన్నా" అంది బల్ల కింద నుంచి.

"మీరు... మీరు కూడా..." చుక్కలబ్బాయి ముఖం వెలిగిపోయింది. వర్షంలో తడిసిన సంగతి, ఎదురుగా తండ్రి ఉన్న సంగతి, అన్నీ మర్చిపోయాడు. "సెంట్రోమియర్ సార్! రెండోవైపు తాడు!"

"ఏమంటున్నాడే ఇతను?"

"ఒకవైపే లాగితే కథ కదలదు సార్. నేనొక్కణ్ణే లాగుతున్నాననుకున్నా. అటునుంచి కూడా లాగారు సార్!"

ఆమె ఎర్రబడ్డ ముఖంతో పైకి లేచి, తండ్రికి క్రోమోజోము నడుము సంగతి మూడు ముక్కల్లో చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"రెండువైపులా లాగాక ఏమవుతుంది?"

"కవలలు... చెరోవైపు వెళ్ళిపోతాయండీ" అన్నాడు చుక్కలబ్బాయి. అనేసి నాలుక్కరుచుకున్నాడు.

"విడిపోతాయా! ఇదేం ప్రేమ కబురయ్యా! నా కూతురి దగ్గర ఈ ఉదాహరణ తప్ప ఇంకోటి దొరకలేదా నీకు?"

"కణం సంగతి అంతేనండీ. మేం మాత్రం విడిపోం."

"విడిపోం నాన్నా" అందామె కూడా, గబుక్కున.

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నవ్వు ఆపుకోవడానికి కాఫీ గ్లాసు అందుకున్నాడు కానీ అది ఖాళీ.

"మీ బాబాయికి ఫోన్ చెయ్. ఆ ఎడమ ఎక్కడుందో వెతకడం ఆపి షాపుకి రమ్మను. రేపట్నుంచి ఈ బల్ల వెనక అతను కూర్చుంటాడు. నిచ్చెనా, కంపెనీ, రెండూ నీవే. అయితే ఒక షరతు. ఇకమీదట నాకు అబద్ధం చెప్పకూడదు. ఇతనూ చెప్పకూడదు."

ఆమె పరుగున వెళ్ళి తండ్రిని వాటేసుకుంది. చుక్కలబ్బాయి ఎవర్ని వాటేసుకోవాలో తెలీక నిచ్చెనని పట్టుకున్నాడు.

"నువ్వు తల తుడుచుకో" అని అతని మీదికి తువ్వాలు విసిరింది ఆమె. మీరు కాస్తా నువ్వైన ఆ క్షణంలో తువ్వాలు పట్టుకోవడం కూడా మర్చిపోయాడతను.

వారం తిరగకుండానే షాపులో ఫోన్ మోగింది. పెద్దాయనే తీశాడు.

"ల్యాబు నుంచండీ" అన్నాడు చుక్కలబ్బాయి.

"ఏం పాడైంది బాబూ?"



"ఏమీ పాడవలేదండీ. అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. మీ అమ్మాయిని ఒకసారి చూడాలని ఉంది, అంతే."

పెద్దాయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, నిచ్చెన సర్దుకుంటున్న కూతురి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"అమ్మాయ్! ల్యాబు నుంచి ఫోను. అక్కడేమీ పాడవలేదట. తొందరగా వెళ్ళు!"