దప్పికమ్మకు కరెంటు

“ఈ తోటకు బోరు నీళ్లు బొట్టు కూడా వాడం. వాన నీళ్లే.”

బంగళా గేటు పక్కన నల్లరాతి మీద దొరవారు చెక్కించిన మాట ఇది. రాయి ఇంకా మెరుస్తూనే ఉంది. మా ఊరి బోరే ఎండిపోయింది.

నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో ఆ తోట పేరెత్తితే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూస్తారు. గులాబీల నడుమ పాత ఫౌంటెన్ ఉంది. పొద్దు వాలితే దాని కింద నుంచి గుటకలు... తోట తవ్వుతూ దప్పికతో చచ్చిన కూలిమనిషి దెయ్యమట. దప్పికమ్మ. ఊరి బోరు తాగేసింది ఆమేనట. ఈ కథ మొదట చెప్పింది బంగళా కాపలావాళ్లే!

ఆమె శాంతించాలని, దూరం నుంచి మోసుకొచ్చిన బిందెలోంచి మొదటి చెంబు ఆ గేటు దగ్గర పోస్తారు మావాళ్లు.

ఏటా ఒకరోజు తోటను జనానికి తెరుస్తారు. వారసత్వ దినమట. ఎవడి వారసత్వం? ఏనుగుల్లా కత్తిరించిన పొదలు, తివాచీలాంటి పచ్చిక, దాని మీద పొర్లుతూ సెల్ఫీలు. కరువు సీమలో ఈ పచ్చదనం ఎక్కడిదని ఒక్కడూ అడగడు.

ఈసారి మా పక్కింటి నాగలత, అత్త నాగక్కతో పోయింది. నాగలత చెప్పిందే రాస్తున్నాను.

నాగక్క చేతిలో నీళ్ల చెంబు. ఫౌంటెన్ కాడే పోస్తే దప్పికమ్మ కరుగుతుందని ఆశ.

పొద్దు వాలింది.

గుటక్... గుటక్...

తోట చూపించే భూపేష్ గొంతు తగ్గించాడు. “పోండమ్మా... ఆమె లేచింది.”

సెల్ఫీల వాళ్లు చెప్పులొదిలి పరుగు!

నాగక్క కదల్లేదు. కండ్లు మూసుకొని చెంబు వంచింది. “తాగు తల్లీ... మా బోరు ఇడిసిపెట్టు.”

గుటక్... గుటక్—

టప్పున దీపాలు ఆరిపోయాయి. గుటకలూ ఆగిపోయాయి.

చీకటి...

దీపాలు వెలిగాయి.

గుటక్...

“అత్తా,” అంది నాగలత మెల్లగా, “దెయ్యానికి గూడా కరెంటు కావల్నా?”

గులాబీ పొదను పక్కకు లాగింది. ఇనుప మూత. ఎత్తితే కింద బోరు — గాలీ నీళ్లూ కలిపి తొట్లోకి కక్కుతూ.

“ఏమప్పా భూపేషూ, మీ దప్పికమ్మ ఎన్ని హార్సు పవరు?”



నాగక్క ఖాళీ చెంబులోకి చూసుకుంది. “మా నీళ్లన్నీ ఇదే తాగింది. మిగిలిన చెంబు గూడా మేమే తెచ్చి పోసినాం.”

దొరవారూ, నీరు హక్కు, భిక్ష కాదు. మీ రాయి అబద్ధమా, మీ బోరు అబద్ధమా? ప్రపంచ నీటి దినమని మీ గోడకే పోస్టరు వేసుకున్నారు. ఆ రోజులోగా జవాబు చెప్పండి. లేదంటే ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో మీ గేటు ముందుంటారు. నిజమైన దప్పికమ్మలను అప్పుడు చూద్దురు.

గడువు: మార్చి ఇరవై రెండు.