బోర్లించిన పడవ

"ఒసేయ్, సరస్సు మీద మంచు పలచబడిందట! కాలు పెడితే పగులుతుందేమోనే... పొద్దున్నుంచీ నా గుండె దడదడలాడుతోంది!"

వాకీటాకీలో అమ్మ. పార్కు క్యాంటీన్ నుంచి. రోజుకు పదిసార్లు ఇదే పాట!

చివరికి అమ్మ బటన్ వదిలింది.

"అమ్మా, నువ్వు నొక్కిపట్టుకుంటే నా మాట నీకు చేరదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?"

పార్కులో గార్డుగా పనిచేసే ఆ పిల్ల నవ్వుతూ చివరి టెంట్ జిప్ లాగింది.

ఖాళీ!

టెంట్ వెనక మంచులో ఏదో ఈడ్చుకెళ్ళిన చార. ఎర్రగా...

చార సరస్సు దాకా పోయింది. అక్కడ చేపల కోసం మంచులో కోసిన గుంత. పక్కనే పెద్ద గార్డు. తన సార్!

బూటుకాలితో ఓ మనిషిని గుంతలోకి తొక్కుతున్నాడు.

తలెత్తాడు. చూశాడు.

పరుగు!

ఢాం! చెవి పక్కనే చెట్టు బెరడు ఎగిరింది.

"ఎక్కడికి పోతావమ్మా? గేటు తాళం నా జేబులోనే ఉంది!"

మంచు జోరుగా కురుస్తోంది. అడుగుల్ని పూడ్చేస్తోంది. అదొక్కటే అదృష్టం!

ఒడ్డున, చలికాలమని బోర్లించిన పడవలు. నలభై. ఒకదాని కింద దూరింది.

వాకీటాకీ శబ్దం తగ్గించింది. చెవికి ఆనించింది. నొక్కింది.

"అమ్మా... పెద్ద గార్డే..."

పోలేదు. అవతల అమ్మ బటన్ నొక్కిపట్టుకుంది!

"తుపాకీ చప్పుడు వినపడిందే! పలకవేం తల్లీ? సార్! పెద్ద గార్డు సార్! మీరే దిక్కు!"

వదులమ్మా... బటన్ వదులు!

"దానికి భయమేస్తే పడవ కింద దూరుతుంది సార్. చిన్నప్పట్నుంచీ అంతే. నేను తిట్టినా అంతే. చివరి ఎర్ర పడవ చూడండి. దానికి చిల్లుంది... గాలాడుతుందని అందులోనే దాక్కుంటుంది!"

చిల్లులోంచి వెలుగు ఆమె బుగ్గ మీద, రూపాయి బిళ్ళంత.

"సార్... వినపడుతోందా? సార్?"

అమ్మ బటన్ వదిలింది. ఇప్పుడు!

బయట మంచు కరకరలాడింది... ఆగింది.

నొక్కి మాట్లాడితే, ఇదే లైన్లో ఉన్న వాడూ వింటాడు. మాట్లాడకపోతే...

బటన్ మీంచి వేలు తీసేసింది.

ఒక నిమిషం. రెండు.

బుగ్గ మీద వెలుగు ఆరిపోయింది.

అప్పుడు జవాబొచ్చింది. చెవి దగ్గరి వాకీటాకీలోంచీ, పడవ పైనుంచీ... ఒకేసారి!

"వినపడిందమ్మా. మీ పిల్ల దొరికింది."