సముద్రం చూడని నాయనమ్మ

తబితాకు ఈ లోకంలో ఎవరి మీదైనా ఫిర్యాదు ఉందంటే అది వాళ్ళ నాయనమ్మ విశ్రాంతమ్మ మీదే. పేరులో ఉన్న విశ్రాంతి మనిషిలో లేదు. కోడికంటే ముందు లేచి, ఇంకా లేవలేదని కోడిని తిడుతుంది. పులుసులో ఉప్పెక్కువైతే తప్పు ఉప్పుది. బస్సు వెళ్ళిపోతే తప్పు డ్రైవర్‌ది. "తప్పు నాది" అన్న మాట ఆమె నోట వాళ్ళ ఊరు ములకలపల్లిలో ఎవరూ వినలేదు. చర్చిలో కూడా ఆమె పక్కింటివాళ్ళ పాపాలే ఒప్పుకుంటుందని తబితా అనుమానం.

"ఆ ఫ్రెంచి నేర్చి ఎవరితోని కొట్లాడ్తవే?" అని రోజూ అడుగుతుంది.

కొట్లాడటానికి కాదు. ఖమ్మంలో ఒక కాన్వెంటు బడివాళ్ళకు ఫ్రెంచి టీచర్ కావాలి. సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం తబితాదే. పోయినసారి రాత పరీక్షలో గట్టెక్కి, మాట్లాడే పరీక్షలో మునిగింది. ఈసారీ మునిగితే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

మునిగింది జస్టిన్ సార్ వల్లనని తబితా, తబితా వల్లనేనని జస్టిన్ సార్. కొత్తగూడెం బస్టాండు ఎదురుగా మేడ మీద ఫ్రెంచి క్లాసులు చెప్పే ఈ సారు అంత పెద్దవాడేం కాదు. మణుగూరు కాలనీ పిల్లవాడు, పాండిచ్చేరిలో చదివొచ్చాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్టను తను గమనించలేదని తబితా చాలాసార్లు తనకు తానే చెప్పుకుంది.

ఆయన పాఠాల్లో తబితాకు నచ్చింది ఆంపర్ఫే. వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం అంటూ ఒకప్పటి అలవాట్లు చెప్పుకునే కాలం. 'మేము' రూపంలో క్రియను పట్టుకుని, తోక కోసి, కొత్త తోక అతికించాలి. 'పార్లోఁ' అంటే మాట్లాడతాం. 'ఓఁ' పీకేసి 'పార్లే' అంటే మాట్లాడేదాన్ని. అన్ని క్రియలూ మాట వింటాయి, 'ఉండు' అని అర్థమొచ్చే 'ఎత్ర్' తప్ప. ప్రతి ఇంట్లో ఇలాంటిది ఒకటుంటుంది కదా అని తబితా దానికి విశ్రాంతమ్మ అని పేరు పెట్టుకుంది.

గొడవంతా జస్టిన్ రాసిచ్చిన జవాబు దగ్గర. చిన్నప్పటి సెలవుల గురించి పరీక్షలో తప్పకుండా అడుగుతారు. ఆయన జవాబులో ఒక అమ్మమ్మ ఉంటుంది. సముద్రం ఒడ్డున తెల్లని ఇంట్లో ఆపిల్ టార్టులు చేసేది. మిమీ అనే పిల్లి కిటికీలో నిద్రపోయేది. ఆంపర్ఫే క్రియలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని గైడు మింగినట్టే బ్యాచంతా దాన్నీ మింగేసింది. పోయినసారి తబితా పిల్లిదాకా బాగానే చెప్పింది. "ఏ సముద్రం?" అని పరీక్ష చేసేవాళ్ళు అడిగేసరికి అందులోనే మునిగింది.

"మా నాయనమ్మ సముద్రమే చూడలే సార్. ఈసారి ఆమె గురించే చెప్తా. ఎండాకాలం తునికాకు కోసేటందుకు అడవికి పోయేటోళ్ళం."

"తునికాకును ఫ్రెంచిల ఏమంటరు?"

"తెల్వదు."

"గట్లంటే మార్కులెయ్యరు. నా బ్యాచ్‌ల ఫెయిలైంది నువ్వొక్కదానివే. పిల్లిని నమ్ముకో."

"మా నాయనమ్మతోనే పాసైతే?"

"మీ ఇంటికొచ్చి ఆమె ముందర తప్పు నాదని ఒప్పుకుంట."

"ఆ మాట మా ఇంట్ల ఇప్పటిదాంక ఎవ్వరు అనలే సార్. మీరే మొదలు."

ఆయన నవ్వాడు. తబితా కిటికీలోంచి బస్సుల్ని చూసింది. సొట్టను చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే విశ్రాంతమ్మ తిట్టలేదు. అదే వింత. గొంతు తగ్గించి, "ఆకు కోసి బతికిన ముచ్చట నలుగురిల చెప్పకే. నవ్వుతరు. ఆ సముద్రపు ముసల్దాన్నే చెప్పుకో" అంది. ఆ ఒక్క మాటా వినకూడదని తబితా అనుకుంది.

హైదరాబాదులో పరీక్ష. బ్యాచ్‌తో పాటు జస్టిన్ కూడా వచ్చాడు. తబితాకంటే ముందు లోపలికెళ్ళిన పిల్ల ఏడుపు మొహంతో బయటికొచ్చింది. తను చెప్పకముందే, "మీ పిల్లి పేరు కూడా మిమీనా?" అని పరీక్ష చేసే ఫ్రెంచి మేడమ్ అడిగిందట. ముందు వెళ్ళినవాళ్ళందరిదీ అదే అమ్మమ్మ, అదే పిల్లి మరి. జస్టిన్ మొహంలో సొట్ట ఎక్కడుండేదో కూడా తెలియకుండా పోయింది. తబితాతో ఏదో చెప్పబోయాడు. ఈలోగా ఆమె పేరు పిలిచారు.

చిన్నప్పటి సెలవులనగానే మేడమ్ పెన్ను పక్కన పెట్టి పైకప్పు చూడసాగింది.

తబితా మొదలుపెట్టింది. పొద్దు పొడవకముందే అడవికి బయలుదేరేవాళ్ళం. బీడీలు చుట్టే ఆకు కోసేవాళ్ళం. ఎర్రచీమలు కుట్టేవి, నేను ఏడ్చేదాన్ని, నాయనమ్మ చీమల్నే తిట్టేది. ఆమెకు లెక్క రాదు. అందుకని ఆకులు పేర్చేటప్పుడు కీర్తన పాడేది, మాటకొక ఆకు. కీర్తన అయిపోతే కట్ట అయిపోయేది. ఆకు కొనే కల్లం దగ్గర గుమాస్తా అనుమానంతో కట్ట విప్పేవాడు, మూతి ముడుచుకుని మళ్ళీ కట్టేవాడు. ఎప్పుడూ లెక్క సరిపోయేది. "ఎల్ షాఁతే, ఎ మ్వా, ఝె కోఁతే." ఆమె పాడేది, నేను లెక్కపెట్టేదాన్ని.

మేడమ్ పైకప్పు వదిలేసి చాలాసేపయింది. ఆ పాట పాడమంది. విశ్రాంతమ్మ కీర్తన ఆ ఏసీ గదిలో మోగింది. మేడమ్ వేళ్ళమీద లెక్కపెడుతూ ఉండిపోయింది.

తొలకరితో పాటే ఫలితాలొచ్చాయి. ఆ సాయంత్రం జస్టిన్ బైకు మీద ములకలపల్లికి వచ్చాడు. వానకు ఎంత తడిశాడంటే, గడప దగ్గర నీళ్ళు కారడంలో చూరుకీ అతనికీ తేడా తెలియలేదు.

"మాట్లాడే పరీక్షల బ్యాచ్ మొత్తంల ఫస్టు" అని తబితాతో చెప్పి, అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న విశ్రాంతమ్మ వైపు తిరిగాడు. "తప్పు నాదే అవ్వా. మీరుండంగ లేని ముసలామెను బట్టీ కొట్టిచ్చిన."

విశ్రాంతమ్మ చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో ఆ మాట వినడం ఆమెకూ కొత్తే.

"ఇంకో మాట గూడ ఉన్నది" అన్నాడు జస్టిన్, చెవులు ఎర్రబడుతుంటే. "తబితా ఒప్పుకుంటే మా అమ్మానాయినను తీస్కొస్త."

తబితా ఈసారి సొట్టను తీరిగ్గా, దాపరికం లేకుండా చూసింది. "తీస్కరండి సార్. పిల్లిని మాత్రం తేకుండ్రి."

విశ్రాంతమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తప్పు ఒప్పుకునే మగపిల్లవాడు ఈ వంశంలో లేడని, ఒకడుంటే మంచిదేనని తీర్పు చెప్పి, తల తుడుచుకొమ్మని కొంగు అందించింది. తర్వాత తబితాను దగ్గరికి పిలిచింది.

"నా ముచ్చట చెప్తుంటే ఆ దొరసాని నవ్విందా?"

"నవ్వలే నాయనమ్మా. ఇంకా చెప్పుమన్నది. నీ పాట పాడిచ్చుకున్నది."

ముసలామె తప్పు వేయడానికి చుట్టూ ఎవరైనా దొరుకుతారేమోనని వెతికినట్టు వానను, కోడిని, బైకును చూసింది. ఏదీ సరిపోలేదు.

"చెప్పొద్దన్న గదనే నేను" అంది చివరికి, అందరికీ వినబడేటట్టే. "తప్పు నాది."