ఎడమవైపు వేడిగాలి

"సాక్షి ఒక్కడే మిగిలాడు. ఆత్మకూరు కోర్టుకు ప్రాణాలతో చేరాలి." చీఫ్ నారాయణయ్య బ్రీఫింగ్ అంతే. ఫోన్ పెట్టేశాడు.

సోమశిల డ్యామ్ నీళ్ళలో విషం కలపబోయిన విదేశీ ముఠాను ముగ్గురు చూశారు. అందులో ఇద్దరు వడదెబ్బతో పోయారు, అదీ ఏసీ కార్లలో! మిగిలింది చేపలు పట్టే చెంచయ్య.

ఉదయగిరిలో ఏజెంట్ నిరోష పెళ్ళికి బయలుదేరిన ఇల్లాలి వేషంలో ఆఫీసు కారు స్టీరింగ్ ముందు కూర్చుంది. పట్టుచీర, పూలు, సంచిలో పిస్టల్.

"సజ్జరొట్టె," అంది కోడ్‌వర్డ్.

"చేపల పులుసు," అని చెంచయ్య ముందు సీట్లో ఎడమవైపు ఎక్కాడు. వెనక సీట్లో అశ్విత. ఢిల్లీ నుంచి దిగిన ఏజెంట్, మే నెల ఎండకు కూడా చెదరని లిప్‌స్టిక్.

దుత్తలూరు ఇంకా రానేలేదు. చెంచయ్య గొణిగాడు. "అమ్మణ్ణీ, నీ పక్క చల్లగా ఉండాది, నా పక్క పొయ్యి మాదిరి ఉండాది. ఏంది ఈ పక్షపాతం?"

నిరోష రెండువైపులా టెంపరేచర్ తగ్గించింది. కుడివైపు మంచు, ఎడమవైపు మంట. ఏసీ గ్యాస్ అయిపోతే తన వైపు ఇంత చల్లగా రాదు. గ్లవ్‌బాక్స్ వెనక టిక్ టిక్‌మంటోంది. వేడిగాలినీ చల్లగాలినీ కలిపే చిన్న తలుపు తిరగబోయి, దేనికో తగిలి ఆగిపోతోంది.

"వదిలెయ్ నిరోషా. కోర్టు పనయ్యాక చూద్దాం," అంది అశ్విత.

నిరోష లెక్క వేసుకుంది. ఆ చిన్న తలుపు ఇరుక్కుందనే అనుకుందాం. అసలు వేడెక్కడిది? ఈ ప్రాంతంలో కొత్త కారు రాగానే ఇంజన్ నుంచి హీటర్‌కు వేడినీళ్ళు తెచ్చే పైపును క్లిప్పుతో నొక్కించేస్తారు. ఆఫీసు కార్లకు ఆ పని మెకానిక్ డేవిడ్‌రాజుది. "హీటర్ పైన దేవుడే పెట్టినాడు గదా మేడం," అంటాడు. ఇప్పుడా క్లిప్పును ఎవరో తీశారు. నెల్లూరు మనిషి తియ్యడు. ఇవాళ ఆఫీసు నుంచి కారును తెచ్చింది అశ్విత.

కారు ఆపి, ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తింది. క్లిప్పు లేదు. టూల్‌కిట్‌లోని, పట్టు వదలని లాక్ ప్లయర్‌తో పైపును బిగించేసి, ఇవతలికి వచ్చేసరికి ఎదురుగా పిస్టల్.

"ఎక్కు. చేతులు స్టీరింగ్ మీద."

"మా ఇంట్లో గోంగూర అడిగి మరీ వేయించుకున్నావే, అశ్వితా!"

"అందుకే నొప్పి లేకుండా ఏర్పాటు చేశాను. ఎడమవైపు వేడిగాలి ఆగకుండా ఆ చిన్న తలుపుకు అడ్డం పెట్టాను, గాలిగొట్టంలో మైనం క్యాప్సూల్ ఉంది. వేడికి కరిగితే విషపు గ్యాస్. రిపోర్టులో వడదెబ్బ. కారు తలుపు తెరిస్తే మాత్రం పెద్దాయన తల ఉండదు."

తలుపులు మూసి, బయట చెంచయ్య కిటికీ అద్దం పక్కన పిస్టల్‌తో నిలబడింది. బానెట్ కింద జరిగింది ఆమె చూడలేదు.

హీటర్‌లో మిగిలిన వేడికి గాలి జాలీలోంచి మైనం ఒక చుక్క జారింది. నిరోష ఊపిరి బిగబట్టింది. రెండో చుక్క అంచున వేలాడి, అక్కడే గడ్డకట్టింది.

బయట ఎండకు లిప్‌స్టిక్ గడ్డం మీదికి దిగుతోంది. లోపల చెంచయ్య తువ్వాలు కప్పుకున్నాడు. "సలి పెడతా ఉండాదమ్మా."

అశ్వితకు అర్థం కాలేదు. ఊపిరి బిగబట్టి, తలుపు తెరిచి, జాలీ ముందు అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది!

వలలు లాగి కాయలు కాసిన చెయ్యి ఆ మణికట్టును పట్టేసింది. నిరోష ఆమె పిస్టల్‌ను లాక్కుంది.

క్యాప్సూల్ ఉన్న కారు మళ్ళీ ఎక్కే ధైర్యం ఎవరికీ లేదు. బాంబ్ స్క్వాడ్‌కు ఫోన్ చేసి, అటుగా వచ్చిన ఆత్మకూరు బస్సు ఆపారు.

"ఆడోళ్ళకి ఫ్రీ అమ్మా, ఆధార్ చూపిస్తే సాలు," అన్నాడు కండక్టర్.

నిరోష తన కార్డు చూపించి, బేడీల్లో ఉన్న అశ్విత హ్యాండ్‌బ్యాగు తెరిచింది.

"ఈమెకి నాలుగు ఉండాయి. మీకు ఏ పేరు కావాల?"