నిన్నటి నీళ్లు

"పడెయ్యి ఆ గ్లాసు!"

నాయనమ్మ గంగాబాయి అరుపుకు ఆరేళ్ల రుతుజ ఉలిక్కిపడింది. చేతిలోని గ్లాసు జారి, ఒళ్లో ఫ్రాకంతా తడిసింది. మంచం కింద దుప్పటి చాటున దాచిన క్యాను మూత తీసి ఉంది... కోడలు రాధిక గుట్టు ఆ పొద్దున అలా బయటపడింది!

బొంబాయి కామాఠీపురలో, ఒంటిగది కాపురాల ఆ చాల్‌కి నల్లా వచ్చేది రోజుకు ఒక్కసారే, తెల్లారకముందు. కొత్త నీళ్లు పట్టేముందు నిన్నటివి చుక్క మిగలకుండా మోరీలో పారబొయ్యాలన్నది గంగాబాయి కట్టడి. నిండు బిందెలైనా సరే! మహబూబ్‌నగర్ పల్లె నుంచి కోడలిగా వచ్చిన రాధికకు అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. ఫోరస్ రోడ్ వైపు కొత్త మేడలు లేచాక నల్లా ధార మరీ సన్నబడింది. సబ్బు నురగ కడక్కముందే నీళ్లయిపోయే ఇంట్లో ఈ పారబోత ఏమిటి? "బట్టలకన్న ఉంచుదాం అత్తమ్మా" అని బతిమాలింది. "నా ఇంట్ల బాసి నీళ్లు నిలువయ్!" అన్నదే జవాబు. బొంబాయిలో పుట్టిన మనిషి కదా, నీళ్ల విలువేం తెలుసులే అనుకుంది రాధిక. అప్పటినుంచే ఈ దాపరికం.

"ఈ ఇంట్ల నువ్వన్న ఉండాలె, నేనన్న ఉండాలె! నేను ధారావిల మా మల్లమ్మక్క తాన్కి పోత!" అంటూ గంగాబాయి చీరలు సంచిలో కుక్కసాగింది.

డ్యూటీకి బయల్దేరుతున్న తుషార్ తల్లికి అడ్డం నిలబడ్డాడు. "అమ్మా! నీళ్ల కోసం ఇల్లు ఇడిసిపోతవా? లోగ్ క్యా బోలేంగే? నలుగురేమంటరు?" అని, భార్య వైపు తిరిగి, "మాఫీ అడుగు రాధికా" అన్నాడు.

"అడుగుత. కాని పోరికి తాగిపియ్యనీకె దాయలే నేను, బట్టలకే..." రాధిక అత్త వైపు తిరిగింది. "మా అమ్మ బోరు కాడ బిందెడు నీళ్లకు కొట్లాడి నెత్తి పగలగొట్టుకున్నది అత్తమ్మా! రక్తం కారుతుంటె గూడ బిందె ఇడ్వలే! అసొంటిదాని బిడ్డను... పారబొయ్య చేతులొస్తలేవు నాకు!"

సంచి మీద గంగాబాయి చేతులు ఆగిపోయాయి. గుమ్మం దగ్గరే కూలబడింది.

"నాకొస్తయనుకుంటున్నవా? ఒక ఎండకాలం నల్లా రాలే. డ్రమ్ము అడుగున నీళ్లుండె, పారబొయ్య మనసు రాలే. నా పెద్ద బిడ్డ దర్శన దూప అంటె... నేనే ముంచి తాగిపిచ్చిన బిడ్డా! కామెర్లన్నరు... నీళ్లతోనే అన్నడు డాక్టరు. దేవుడు తీస్కపోయిండని చాల్ అంత అన్నది. నా చేతులే తీస్కపోయినయని ఎవరికి చెప్పుకోవాలె?"

తనకో అక్క ఉండేదనీ, కామెర్లతో పోయిందనీ మాత్రమే తుషార్‌కు తెలుసు. ఇన్నేళ్లూ అత్తగారిది పొగరనుకున్నందుకు రాధిక సిగ్గుతో చచ్చిపోయింది. పొగరు కాదు, భయం! తల్లి భయం!

రాధిక క్యానును మోరీ దాకా ఈడ్చుకెళ్లి వంచింది. నీళ్లు బుడబుడా పోతున్నాయి. కళ్లు మూసుకుంది... చూడలేకపోయింది!

"ఆగు!"

గంగాబాయి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. అప్పటికి క్యాను సగమైంది.

"నీ పానం పోతున్నట్టున్నది, చాలు ఇగ. పోరి ఫ్రాకు తే, పిండుదాం."

బకెట్లో పోసిన ఆ నీళ్లలో తనే చేతులు పెట్టింది. దర్శనకు నీళ్లు ముంచిన చేతులవి! అయినా తీయలేదు. రాధిక పక్కనే కూర్చుని సబ్బు అందించింది.

"తాగనీకె మాత్రం ఇయ్యాల్టియే" అంది గంగాబాయి.

"మీరే పట్టండి అత్తమ్మా. నేను ముట్ట." రాధిక భయంభయంగా అడిగింది. "దర్శన వదిన... ఎట్లుండేది?"

ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. గంగాబాయి ఫ్రాకు రుద్దుతూ, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.